మీటింగ్ టైమ్ ఫోన్ లెక్కేస్తుంది.. మరి నిద్ర మానుకునేది ఎవరు?

గత జులైలో జరిగిన సంగతి. ప్రాజెక్ట్‌లో అప్పుడే చేరాను. డల్లాస్‌లో ఉండే క్లయింట్ చాట్‌లో ఒక్క లైన్ పెట్టారు: రేపు డెమో, ఉదయం 10 సీఎస్‌టీ. ఫోన్‌లో కన్వర్టర్ తీసి సీఎస్‌టీ అని కొడితే మనకు రాత్రి 9:30 అని చూపించింది. 9:25కే జాయిన్ అయ్యాను. కాల్‌లో ఎవరూ లేరు. డెమో 8:30కే మొదలై అయిపోయింది. నేను కట్టిన స్క్రీన్లు మా లీడ్ చూపించి నెట్టుకొచ్చారు.

కన్వర్టర్ తప్పు చెప్పలేదండీ. సీఎస్‌టీ అంటే యూటీసీకి 6 గంటలు వెనక. కానీ అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ నెలల్లో డల్లాస్‌లో నడిచేది సీడీటీ, అంటే 5 గంటలే వెనక. అక్కడివాళ్లు మాత్రం అలవాటుగా సీఎస్‌టీ అనే రాసేస్తారు. పైగా చైనా టైమ్‌ని కూడా సీఎస్‌టీ అనే అంటారు. మన ఐఎస్‌టీ అక్షరాలే ఐర్లాండ్, ఇజ్రాయెల్ కూడా వాడతాయి.

అందుకే ఇప్పుడు నా రూల్ సింపుల్: పొట్టి అక్షరాలు వద్దు, ఊరి పేరు రాయండి. 'డల్లాస్ టైమ్ ఉదయం 10' అంటే గొడవే లేదు. ఇంకా బెటర్, చాట్ మెసేజ్ కాకుండా క్యాలెండర్ ఇన్వైట్ పంపమనండి. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ ఆన్ చేసుకుంటే రెండు టైమ్‌లూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇంతవరకూ ఫోన్ పని. అసలు సమస్య ఫోన్‌కి తెలియదు.

డల్లాస్ టైమ్‌లో సెట్ చేసిన డైలీ కాల్ వేసవిలో మనకు రాత్రి 8:30కి వస్తే, నవంబర్‌లో చెప్పాపెట్టకుండా 9:30కి జరుగుతుంది. క్యాలెండర్ దృష్టిలో అంతా కరెక్టే. అమ్మ అన్నం వడ్డించి ఎదురుచూసే టైమ్ మాత్రం గంట వెనక్కి పోతుంది. హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, డల్లాస్‌లో 9 నుంచి 6 దాకా పని చేస్తే, రెండు ఆఫీసులూ ఒకేసారి తెరిచి ఉండే నిమిషం ఒక్కటి కూడా ఉండదు. అంటే ఎవరో ఒకరు సొంత టైమ్ ఇచ్చుకోవాల్సిందే. ఆ ఒకరు ఎప్పుడూ మనమే ఎందుకు?

క్లయింట్ డబ్బులిస్తున్నాడు కదా అంటారు. నిజమే. కానీ డబ్బులిచ్చేది పనికి, ప్రతి రాత్రికీ కాదు. వారం మార్చి వారం ఉదయం 7:30కి పెడితే వేసవిలో వాళ్లకు ముందురోజు రాత్రి 9 అవుతుంది. కొంచెం ఇబ్బందే, కానీ చెరో వారం పంచుకుంటాం. ఆఫీస్ అకౌంట్‌లో వర్కింగ్ అవర్స్ కూడా నింపండి. ఆ టైమ్ దాటి మీటింగ్ పెట్టబోయేవాళ్లకు హెచ్చరిక కనిపిస్తుంది. నా టీమ్‌లో చాలామంది అది ఖాళీగానే వదిలేశారు. మొన్నటిదాకా నేనూ అంతే.

మొన్న నవంబర్‌లో కాల్ 9:30కి జరిగినప్పుడు భయపడుతూనే అడిగాను, వారం మార్చి వారం పొద్దున పెడదామా అని. అవతల మేనేజర్ అన్న మాట: "మీకు అంత రాత్రి అవుతోందా? ఎవరూ చెప్పలేదే!"

ఎందుకంటే ఎవరం చెప్పలేదు కాబట్టి. మీరైనా చెప్పండి.