సన్నచుక్కల తెర కొనాలా? ముందు కళ్ళ సంగతి చూద్దాం

పిల్లలు కాలేజీల్లో చేరే రోజులు వచ్చాయంటే మా ఓ.పి. వరండాలో ఒక ప్రశ్న తరచు వినబడుతుంది. "మేట్రనమ్మగారూ, మా అమ్మాయికి లాప్‌టాప్ కొంటున్నాం. హై రిజల్యూషన్ తెర అయితే కళ్ళు పాడవవని షాపతను అంటున్నాడు. ఇరవై వేలు ఎక్కువ పడుతుంది. కొనమంటారా?"

మేము కంప్యూటరు చదువు చదివినవాళ్ళం కాము. కాని కేస్ షీట్లు, ల్యాబ్ రిపోర్టులు తెర మీద చదవడం ఇప్పుడు నర్సుల పనిలో భాగమైపోయింది. ఇరవై వేలంటే చాలా ఇళ్ళలో చిన్న మాట కాదు. అందుకే ఈ తెరల మంచి చెడ్డలు మాకు తెలిసినంతవరకు మీ ముందు పెడుతున్నాం.

రిజల్యూషన్ అంటే ఏమిటి?

తెర మీద కనిపించే ప్రతి అక్షరమూ, ప్రతి బొమ్మా చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కల్నే పిక్సెల్స్ అంటారు. చౌక లాప్‌టాప్‌లలో ఎన్నో ఏళ్ళుగా వస్తున్న తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. మొత్తం 10 లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్.డి. తెరలో 1920, 1080 చొప్పున సుమారు 20 లక్షలు. 4కె తెరలో 3840, 2160 చొప్పున సుమారు 83 లక్షలు. తెర సైజు అంతే ఉండి చుక్కలు పెరిగితే ఒక్కొక్క చుక్క సన్నబడుతుంది. 15.6 అంగుళాల తెర మీద మొదటి రకంలో ఒక చుక్క మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది. ఫుల్ హెచ్.డి.లో అయిదో వంతుకు కాస్త తక్కువ. 4కెలో పదో వంతుకన్నా తక్కువ.

మరి మన కన్ను ఎంత సన్నటి చుక్కను విడిగా గుర్తుపట్టగలదు? మామూలు చూపు, అంటే 6/6 చూపు ఉన్నవారు అర మీటరు దూరం నుంచి సుమారు మిల్లీమీటరులో ఏడో వంతు వరకు పోల్చుకోగలరు. కుర్రవాళ్ళలో కొందరికి ఇంకా మెరుగైన చూపు ఉంటుంది. దీన్నిబట్టి చూస్తే పాత రకం తెరలో చుక్కలు కంటికి తెలిసేంత పెద్దవి. ఫుల్ హెచ్.డి. మన చూపు హద్దుకు దగ్గరగా వస్తుంది. 4కె ఆ హద్దు దాటిపోతుంది. హద్దు దాటినదానికి డబ్బు పెట్టినా కంటికి అందేది కొద్దే.

మేలు ఎక్కడుంది?

మేలు లేదని మేము అనము. ముఖ్యంగా తెలుగు చదివేవారికి ఉంది. మన అక్షరాలకు గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు ఉంటాయి. ద, ధ, థ అనే మూడు అక్షరాలకు తేడా ఒక చిన్న గీత, ఒక చిన్న చుక్క. ముతక తెర మీద చిన్న సైజు అక్షరాల్లో ఈ తేడా కలిసిపోతుంది. ఒత్తు కింద ఒత్తు వస్తే మరీ కష్టం. సన్నచుక్కల తెర మీద అవి అచ్చు పుస్తకంలోలాగా విడివిడిగా కనబడతాయి. పెద్ద పెద్ద పట్టికలు, మ్యాపులు, శరీర నిర్మాణ పటాలు చూసే విద్యార్థులకు కూడా ఉపయోగమే.

మా పనిలో ఇంకొకటి ఉంది. అది దశాంశ బిందువు. ముతక తెర మీద అది ఒకటి రెండు చుక్కలే. ఒక రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్ 1.8 అన్న రిపోర్టును 18 అని చదివి కంగారుపడి డాక్టరుగారిని నిద్రలేపింది. తప్పు అటువైపు జరిగింది గనుక సరిపోయింది. ఇటువైపు జరిగి, మందు మోతాదులో బిందువు కనబడకపోతే ఏమిటి సంగతి?

కాని దానికి మందు కొత్త తెర ఒక్కటే కాదు. నర్సింగ్‌లో మొదటి నుంచీ నేర్పే పద్ధతి ఒకటుంది. అరకు ".5" అని రాయకూడదు, "0.5" అని రాయాలి. అయిదుకు "5.0" అని రాయకూడదు, "5" అని రాయాలి. బిందువు కనబడకపోయినా మోతాదు పది రెట్లు కాకుండా ఈ అలవాటు కాపాడుతుంది. ప్రమాదకరమైన మందులను ఇద్దరు చూసి ఇవ్వడం కూడా అందుకే. మంచి తెర ఉందని ఈ జాగ్రత్తలు వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

చిక్కులు ఎక్కడున్నాయి?

మొదటిది, అక్షరాలు చిన్నవైపోవడం. చుక్కలు సన్నబడితే, సెట్టింగు మార్చకపోతే, అక్షరాలు కూడా సన్నబడతాయి. మా నర్సింగ్ ఆఫీసుకు కొత్త లాప్‌టాప్ వచ్చినప్పుడు నలభై దాటిన మేమంతా "పాతదే నయం" అని మూలన పెట్టాం. దగ్గరకు వంగి చూసి చూసి మెడలు పట్టేశాయి. చివరికి ఒక చిన్న స్టాఫ్ నర్స్ వచ్చి డిస్‌ప్లే సెట్టింగుల్లో 'స్కేల్' అన్నచోట 150 శాతం పెట్టింది. అక్షరం పెద్దదయింది, స్పష్టత అలాగే ఉంది. తప్పు తెరది కాదు, మాదే. అయితే కొన్ని పాత ప్రోగ్రాములు ఇలా పెంచితే మసకగా కనబడతాయి. ఆఫీసు పనికి కొనేవారు ఇది చూసుకోవాలి.

రెండవది, బ్యాటరీ. ఎక్కువ చుక్కల్ని వెలిగించి నడపాలంటే కరెంటు ఎక్కువ కావాలి. మిగతాదంతా ఒకే రకంగా ఉన్న రెండు లాప్‌టాప్‌లలో 4కె తెర ఉన్నదే సాధారణంగా ముందు ఛార్జింగు అడుగుతుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్ళలో ఇది ఆలోచించవలసిన విషయం.

మూడవది, లేని నమ్మకం. విదేశాల్లో ఉన్న పిల్లలకు అమ్మ ఎక్స్‌రే ఫోటో వాట్సాప్‌లో పంపిస్తారు. వాళ్ళు ఖరీదైన లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసి "ఇక్కడేదో మచ్చ కనబడుతోంది" అని వార్డుకు ఫోను చేస్తారు. వాళ్ళ ఆరాటం మాకు అర్థమవుతుంది. కాని ఫోటోలో పోయిన వివరాన్ని ఏ తెరా తిరిగి తేలేదు. రేడియాలజిస్టులు చూసే తెరలు వేరు. వాటి వెలుగును, నలుపు తెలుపు ఛాయలను కొలిచి సరిచేసి ఉంచుతారు. ఇంటి లాప్‌టాప్ చూసి రోగనిర్ణయం చేయవద్దు.

కళ్ళ నొప్పికి కారణం అదేనా?

చాలాసార్లు కాదు. తెర చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు వేసే రెప్ప అందులో సగానికి కూడా పడిపోవచ్చు. కన్ను ఎండుతుంది, మండుతుంది. కిటికీ వెలుగు తెర మీద పడి మెరవడం, ఫ్యాను గాలి ముఖానికి కొట్టడం, కావలసిన కళ్ళద్దాలు లేకపోవడం - ఇవీ అసలు కారణాలు. నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది. దానికి విరుగుడు కళ్ళద్దాలే గాని కొత్త తెర కాదు.

చిన్నపిల్లలకు చుక్కల లెక్కకన్నా గంటల లెక్క ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలు కూర్చుని తెర చూడడం తగదు. రెండు నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించకూడదు. బడి పిల్లలు ఆరుబయట ఎక్కువసేపు ఆడుకుంటే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుంది. ఏ షాపులోనూ ఈ వైద్యం అమ్మరు.

మా సలహా

మరీ ముతక తెర కొనకండి. చదువుకునే పిల్లకు 14 లేక 15.6 అంగుళాల ఫుల్ హెచ్.డి. చాలు. పక్కనుంచి చూసినా రంగు మారని ఐ.పి.ఎస్. తెర, మెరవని పైపొర ఉంటే మరీ మంచిది. బొమ్మల పని, ఫోటోల పని, డిజైనింగ్ నేర్చుకునేవారైతే ఎక్కువ రిజల్యూషన్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది. మిగతావారు ఆ ఇరవై వేలు ఉంచుకోండి.

ఆ డబ్బులో ముందు పిల్లకు కంటి పరీక్ష చేయించండి. కళ్ళద్దాలు కావలసివస్తే చేయించండి. మంచం మీద బోర్లా పడుకుని చదవకుండా ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మంచి లైటు అమర్చండి. తెరను చేతి దూరంలో, చూపు కొద్దిగా కిందికి వాలేట్టు పెట్టించండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనండి.

ఇంత చేశాక ఇంకా మిగిలితే తెర సంగతి ఆలోచిద్దాం. లాప్‌టాప్ అయిదారేళ్ళకు మారుతుంది. మీ అమ్మాయి కళ్ళు ఆమెతో జీవితాంతం ఉండాలి.