భూభౌతిక శాస్త్రమూ మన పిల్లలూ

సుమత్రాలో పెద్ద భూకంపం వస్తే పాసిర్ రిస్ వంటి పేటల ఎత్తైన మేడలకూ ఆ కదలిక సోకవచ్చు. 2004 డిసెంబరు 26న అక్కడ పుట్టిన సునామీ ఆంధ్ర తీరంలోనూ ప్రాణాలను బలిగొన్నది.

1967 నాటి కొయనా భూకంపంపై దశాబ్దాలపాటు పరిశోధించి, జలాశయాలకూ భూకంపాలకూ గల సంబంధాన్ని వివరించిన హర్ష్ గుప్తా, 1992 నుండి 2001 వరకు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు సంచాలకులు. భారత సునామీ హెచ్చరిక వ్యవస్థ రూపకల్పనకు సారథ్యం వహించినది వారే. 2007 నుండి ఆ కేంద్రం హైదరాబాదులోనే పనిచేస్తున్నది.

భూకంపాన్ని ముందుగా చెప్పగల విద్య నేటికీ లేదు. అయితే భూమి కంపించిన పిదప, దూరతీరాలను అల చేరుటకు గంటల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని ప్రాణరక్షణగా మలచినదే పాండిత్యానికి సార్థకత. వైద్యమూ, కంప్యూటరూ తప్ప వేరు చదువు లేదనుకొనే తల్లిదండ్రులు ఈ శాస్త్రాన్నీ పిల్లలకు పరిచయం చేయవలసి ఉన్నది.