చల్లపల్లి రాజావారూ, రైతుబిడ్డా

అవనిగడ్డ నుంచి ఒక సోదరి యిలా వ్రాశారు: "చెకోస్లొవేకియాలో యిర్జీ మెంజెల్ అనే దర్శకుడు 1969లో తీసిన చిత్రాన్ని, డబ్బు పెట్టిన ప్రభుత్వమే పెట్టెలో పెట్టి తాళం వేసిందట. 1990 దాకా జనం చూడలేదట. తీరా బయటికి వచ్చాక బెర్లిన్ ఉత్సవంలో పెద్ద బహుమతి! పెట్టుబడి పెట్టిన వారికే చురక వేసిన చిత్రం మన తెలుగులో వున్నదా?"

అమ్మా, అంత దూరం వెళ్ళారు గాని, మీ వూళ్ళో బస్సెక్కి చల్లపల్లిలో దిగితే జవాబు దొరికేది!

గూడవల్లి రామబ్రహ్మం గారిది మన కృష్ణా జిల్లా నందమూరు. మద్రాసులో "ప్రజామిత్ర" పత్రిక నడిపి, తరువాత సినిమాల్లోకి వచ్చారు. ఆయన సారథి సంస్థకు అండగా నిలిచిన వారు చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారు. 1938లో "మాలపిల్ల" వచ్చింది. చలం గారి కథ, తాపీ ధర్మారావు గారి మాటలు, కాంచనమాల నాయిక. పురాణ కథలే రాజ్యమేలుతున్న తెరమీద హరిజనుల ఆలయ ప్రవేశాన్ని చూపించారు.

మరుసటి ఏడు "రైతుబిడ్డ". బళ్ళారి రాఘవ గారు రైతు. అప్పులు, శిస్తులు, ఓట్ల నాటి దౌర్జన్యాలు — జమీందారీ పాలనలో రైతు పడే పాట్లన్నీ అందులో వున్నాయి. తీసింది జమీందారు గారి డబ్బుతో! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారా? ఇక్కడ వాసాలు చూపించమని ఇంటి యజమానే దీపం పట్టుకున్నారన్న మాట. తక్కిన జమీందార్లకు మాత్రం ఒళ్ళు మండింది. కొన్నిచోట్ల చిత్రం ఆడకుండా నిషేధం కూడా వచ్చింది.

అలా అని రాజావారికి హారతి పట్టి వూరుకుందామా? ఆ పెట్టుబడి ఏ దివిసీమ రైతు చెల్లించిన శిస్తో! చల్లపల్లి ఎస్టేటులోనే రైతులు తరువాత భూమికోసం పోరాడవలసి వచ్చింది. జమీందారీల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. తెరమీద న్యాయం ముందు వచ్చింది. పొలంగట్టు మీదికి ఆలస్యంగా వచ్చింది.

అది చూడటానికి రామబ్రహ్మం గారు లేరు. "పల్నాటి యుద్ధం" తీస్తూ జబ్బుపడి 1946లో కన్నుమూశారు. మిగిలింది ఎల్. వి. ప్రసాద్ గారు పూర్తిచేస్తే 1947లో విడుదలయింది.

ఈసారి చల్లపల్లి కోట ముందునుంచి వెళ్ళేటప్పుడు పిల్లలకు యీ కథ చెప్పండమ్మా. రాజావారి కథ ఒక్కటే చెప్పకండి. రైతు కథ కూడా చెప్పండి.