అడిగేది ఒక్కటే రాయండి
2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మార్కెట్ యార్డు వార్తల్లో నిలిచింది. కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇస్తాయని ప్రకటించారు. రైతు ఆగ్రహం న్యాయమైనదే. కానీ ‘మామిడి రైతును ఆదుకోండి’ అనే అర్జీకి ‘తప్పకుండా’ అనేస్తే సరిపోతుంది. ఫలానా రోజున ఫలానా ఫ్యాక్టరీకి ఇన్ని టన్నులు తోలాను, 8 రూపాయల లెక్కన డబ్బు రాలేదు, కలెక్టరు నుంచి రాతపూర్వక జవాబు ఇప్పించండి అని రాసి, తూకం చీటీ నకలు జతచేస్తే తప్పించుకోవడం కష్టం. ఆ ఏడాది జూన్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబుకు రాసిన లేఖ చూడండి. తమ రాష్ట్ర తోతాపురిని అడ్డుకుంటున్న చిత్తూరు కలెక్టరు జూన్ 7 నాటి ఉత్తర్వును పేర్కొని, దాన్ని రద్దు చేయమని కోరారు. ఆ కోరిక మన రైతుకు నచ్చకపోవచ్చు, రాసిన పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది.

ముఖ్యమంత్రి రాస్తే చదువుతారు, మనది ఎవరు చదువుతారంటారా? అనుమానం సబబే. అందుకే బంగారుపాళ్యం ఉన్న పూతలపట్టు నియోజకవర్గ ఎమ్మెల్యేకు ఊరికి పదిమందైనా ఎవరి లెక్క వాళ్లు రాయాలి. ఒకే నమూనా మీద పెట్టిన వంద సంతకాలకన్నా వేర్వేరు చీటీలున్న పది ఉత్తరాలే బలమైన సాక్ష్యం. శాసనసభలో ప్రశ్న వేయాలన్నా ఎమ్మెల్యే చేతికి ఆ లెక్కలు అందాలి. నకలు కలెక్టరుకూ పంపండి. కదలిక లేకపోతే, మీ ఉత్తరంపై ఏం చర్య తీసుకున్నారో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.