మాట్లాడని హీరో

మాటల్లేని వాణ్ణి హీరో అంటారా పాఠకులూ? కరీంనగర్‌లో మా మేనల్లుడితో నాకిదే పేచీ!

1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' వీడియో గేమ్‌లో హీరో పెదవి విప్పడు. పేరు సైతం ఆడేవాడే పెట్టాలి. 2007 నాటి 'ది విచర్'లో గెరాల్ట్ అలా కాదు. నవలల్లోంచి దిగిన ఘనుడు. పేరు, గతం, గొంతు అన్నీ సొంతమే. నా ఓటు అతనికే!

మన కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్‌నే చూడండి. 1929లో మూకీలతో మొదలుపెట్టారు. టాకీల్లో టిప్పు సుల్తాన్‌గా (1959), చంద్రశేఖర్ ఆజాద్‌గా (1963) గర్జించారు. 1980 సంవత్సరపు ఫాల్కే అవార్డు అందుకున్నారు.

"మాటొచ్చాకే కదరా ఆయన మహారాజయింది!" అన్నాను.

వాడికి కాస్త నత్తి. తెర మీది మూగ హీరోకి తన పేరే పెట్టుకున్నాడు.

"మా... మాట్లాడకున్నా గెలుస్తడు మామా!" అన్నాడు.

ఈసారి మూతపడింది నా నోరే!