పాటగాడి కథ, పాటగాడి గొంతు

పాటగాడి జీవితాన్ని సినిమాగా తీసేవాళ్లకు మొదటి చిక్కు గొంతుతోనే. జేమ్స్ బ్రౌన్ మీద 2014లో వచ్చిన 'గెట్ ఆన్ అప్'లో చాడ్విక్ బోస్‌మన్ ఒళ్లు విరుచుకుని ఆడాడు. పాటలకు మాత్రం చాలావరకు బ్రౌన్ అసలు గొంతునే వాడారు. మంచి పని చేశారు.

మన ఘంటసాల మీదా సినిమా తీశారు. గాయకుడు కృష్ణచైతన్య ఆ పాత్ర వేశారు. ఈ సంచికలో చర్చంతా దాని చుట్టూనే. నాకైతే తెర మీద కచేరీల కంటే విజయనగరం వీధులు కావాలి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకుని, సంగీతం కోసం వేలి ఉంగరం అమ్ముకుని వెళ్లిన కుర్రాడు అక్కడ జోలె పట్టి మధూకరం ఎత్తాడు. అరుగు ముందు నిలబడి, లోపలినుంచి పిడికెడు అన్నం వచ్చేదాకా కాచుకున్న ఆ కాసేపటిని ఏ దర్శకుడూ గబగబా దాటెయ్యకూడదు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లిన సంగతీ అంతే.

ఆయన పోయింది 1974లో. కొల్లేటి లంకల్లో ఎవరింట మనిషి పోయినా ఇవాళ్టికీ మైకుసెట్టులో ముందు మోగేది ఆయన భగవద్గీతే. ఆ గొంతుకు అనుకరణ వద్దు, పాత రికార్డుల గరగరతో సహా వినిపించాలి.

ఏలూరులోగానీ తాడేపల్లిగూడెంలోగానీ ఆయన పాట ఎదురుగా కూర్చుని విన్న పెద్దలు మీ ఇంట్లో ఉంటే, వాళ్ల జ్ఞాపకాలు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.