కోడ్ ఇస్తే చాలదు, గుర్తులు నిలపాలి

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో పాత వరంగల్ జిల్లాలోని తరిగొప్పుల కొత్త జనగామ జిల్లాలోకి వచ్చింది, మండల కేంద్రమూ అయింది. చిరునామాలో మండలం, జిల్లా రెండూ మారిపోయాయి. గుట్టలూ చెరువులూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు మరో చిరునామా వస్తోంది. ఐఐటీ హైదరాబాద్, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)తో కలిసి తపాలా శాఖ రూపొందించి 2025 మేలో తెచ్చిన డిజిపిన్, దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడదీసి గడికో పదక్షరాల కోడ్ ఇస్తుంది. మంచి పనే. అయితే ఒక చోటును పట్టుకోవడం వేరు, ఆ చోటు మిగతావాటికి ఏ పక్కన ఎంత దూరంలో ఉందో తెలియడం వేరు. ఈ రెండోది మనసుకెక్కాలంటే కంటికి ఆనే గుర్తులు కావాలి. కోడ్ల మీద పెడుతున్న శ్రద్ధలో కొంతైనా మన కూడళ్ల మీద పెట్టాలి.

ఇది పాతకాలపు మమకారం కొద్దీ అంటున్న మాట కాదు. 1980ల తొలినాళ్లలో నాడీశాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ ఎలుకలను మసక నీళ్ల తొట్టిలో వదిలి, నీటి కింద కనబడకుండా చిన్న తిన్నె అమర్చాడు. గదిలో చుట్టూ ఉన్న వస్తువుల ఆనవాళ్లతో అవి దాన్ని కనిపెట్టాయి. అలవాటు లేని వైపు నుంచి వదిలినా నేరుగా అటే ఈదాయి. కుడికి, ఎడమకు అని దారిని బట్టీపడితే ఇది సాధ్యమయ్యేది కాదు. మెదడులో ఒక్కో చోటుకు ఒక్కోటిగా స్పందించే స్థల కణాలను కనుగొన్నందుకు శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ 2014లో నోబెల్ అందుకున్నారు. గోడ మీది గుర్తును పక్కకు జరిపితే ఆ కణాలు స్పందించే చోటు కూడా దానితోపాటే జరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. మెదడు చోటును విడిగా కాక, చుట్టూ కనిపించేవాటితో ముడిపెట్టి దాచుకుంటుందన్నమాట.

మన దస్తావేజులు ఈ సంగతిని ఎప్పుడో ఒప్పుకున్నాయి. సర్వే నెంబరు రాసి ఊరుకోరు. తూర్పున ఎవరి పొలం, పడమరన ఏ బాట, ఉత్తరాన ఏ వాగు అని నాలుగు హద్దులూ రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే ఆస్తిని ఆనుకుని ఉన్న రోడ్లు, పక్క ఆస్తుల వివరం అడుగుతుంది. చింతచెట్టు కాడ మలగమని చెప్పేది కూడా ఈ తెలివే. కాకపోతే ఒక్క చెట్టు మలుపునే చెబుతుంది. చెరువు కట్ట మీద నిలబడితే మత్తడి, గుడి, గుట్ట ఒకే చూపులో కనిపించి, దేనికి ఏది ఎటో చెబుతాయి. రోడ్డు వెడల్పులో ఆ చెట్టు పోతుంది, కూడలిలో ఆ చూపుకు ఫ్లెక్సీ అడ్డొస్తుంది. పుట్టినరోజుకొకసారి మారే ఫ్లెక్సీని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకని అడగొచ్చు. 2008లో జపాన్‌లో తోరు ఇషికావా బృందం చేసిన అధ్యయనంలో జీపీఎస్ పట్టుకున్నవారు, స్వయంగా ఒకసారి నడిచి తెలుసుకున్నవారి కన్నా ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు, తర్వాత గీసిన పటాల్లోనూ తడబడ్డారు. గమ్యం చేరడానికి ఫోన్ చాలు, ఊరిని ఎరగడానికి చాలదు. ఊరివాళ్లకు అన్నీ తెలిసినవేగా అనేది ఇంకో మాట. నిజమే, కానీ కొత్తగా బదిలీపై వచ్చిన ఉద్యోగికి, 108 డ్రైవరుకు, బడి బస్సు దాటి ఊరు చూడని పిల్లలకు తెలియదు. చూపులేనివారి సంగతేమిటన్న ప్రశ్న అన్నిటికన్నా బలమైనది. వారి కోసం, గోడ మీద వేయించే ఊరి పటాన్ని చేతికందే ఎత్తులో, ఉబ్బెత్తు గీతలతో చేయించాలి.

ఖర్చు పెద్దది కాదు. పంచాయతీ గోడ మీద ఊరి పటం వేయించి, చెరువు, మత్తడి, బడి, దవాఖాన చూపితే చాలు. పైభాగం ఉత్తరమే ఉండాలని పట్టుబట్టొద్దు. ‘మీరిక్కడ ఉన్నారు’ పటాలపై మార్విన్ లెవిన్ 1982లో చూపింది అదే: పైభాగం చూసేవాడి ఎదుటి దిక్కుకు సరిపడకపోతే జనం తప్పుదారి పడతారు. తరిగొప్పుల మండల పరిషత్తు మొదటి పటాన్ని తన గోడ మీదే వేయించాలి; రోడ్డు పనుల అంచనాల్లో కొట్టకూడని చెట్ల జాబితా కూడా చేర్చాలి.